తవ్వకముందే తెగిన చోటు తెలిసేదెలా?
కరెంటు, వోల్టేజీ, నిరోధం కొలిచే మల్టీమీటరుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: స్టార్టరు పెట్టె నుంచి బోరు దాకా 160 మీటర్ల కేబులు భూమిలో పూడ్చి ఉంది. దుక్కి దున్ని వేరుశనగ విత్తిన తరువాత చూస్తే, మూడు కోర్లలో (లోపలి తీగల్లో) ఎర్రది తెగిపోయిందని తేలింది. ఎక్కడ తెగిందో తెలియక చేనంతా తవ్వలేను. నా దగ్గరున్న మల్టీమీటరుతో ఏమైనా తెలుస్తుందా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ మీటరులో కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే శక్తి) కొలిచే రేంజి ఉంటే తెలుస్తుంది. తెగిన తీగకు నిరోధం కొలిచి లాభం లేదు. తెగింది ఒక మీటరు దూరంలోనైనా, నూరు మీటర్ల దూరంలోనైనా తెర మీద కనిపించేది ఒకే గుర్తు. అయితే పక్కపక్కనే సాగే రాగి తీగలు, వాటి మధ్యనున్న ఇన్సులేషన్ కలిసి ఒక పొడవాటి కెపాసిటరుగా పనిచేస్తాయి, దాని విలువ తీగ ఎంత పొడవుంటే అంత పెరుగుతుంది. తెగిన తీగలో ఇటువైపు ముక్క ఎంత పొడవుందో, అటువైపు ముక్క ఎంత పొడవుందో ఆ విలువే చెబుతుంది.

ముందుగా మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. ఆ తరువాత కేబులు రెండు కొసలనూ స్టార్టరు నుంచి, మోటారు నుంచి పూర్తిగా విడదీయండి. బాగున్న పసుపు, నీలం కోర్లను కలిపి మీటరు ఒక ప్రోబుకు (కొలిచే తీగ మొనకు), ఎర్ర కోరును రెండో ప్రోబుకు తగిలించి, అవతలి కొసలో ఏ తీగా మరో తీగను తాకకుండా చూసి రీడింగు తీసుకోండి. అదే పని బోరు వైపు నుంచీ చేయండి. స్టార్టరు వైపు 9.6 నానోఫారడ్లు (కెపాసిటెన్స్ కొలత), బోరు వైపు 6.4 నానోఫారడ్లు వచ్చాయనుకుందాం. మొత్తం 16 కనుక, 160ని 9.6తో గుణించి 16తో భాగిస్తే 96 వస్తుంది. స్టార్టరు నుంచి 96 మీటర్లు టేపుతో కొలిచి, అక్కడ అటూ ఇటూ రెండు మూడు మీటర్లు తవ్వితే చాలు. మీ మీటరు చవకదై నూటికి ఐదు వంతులు ఎక్కువ చూపించినా దిగులు పడనక్కరలేదు. ఒకే రేంజిలో రెండుసార్లూ అంతే ఎక్కువ చూపిస్తుంది కనుక నిష్పత్తి మారదు.

ఒక్క చిక్కు ఉంది. తెగిన చోట తడి మట్టి చేరితే ఈ లెక్క తప్పుతుంది. అందుకే ముందు ఓమ్స్ (నిరోధం కొలిచే) రేంజిలో ఎర్ర కోరుకూ మిగతా రెండింటికీ మధ్య చూడండి. కిలోఓమ్‌లలో (వేల ఓమ్‌లలో) నిరోధం కనిపిస్తే, నేల ఆరేదాకా ఆగడమే మంచిది.

ప్రశ్న: ఇంటి వైరింగుకు 90 మీటర్ల కాయిల్ కొన్నాను. వైరు తక్కువ ఉన్నట్టుందని పనివాడు అంటున్నాడు. కాయిల్ విప్పకుండా పొడవు తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తెలుసుకోవచ్చు, కానీ నేరుగా ఓమ్స్ రేంజిలో కాదు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ 90 మీటర్లకు నిరోధం సుమారు 1.55 ఓమ్‌లు మాత్రమే. 0.1 ఓమ్ మెట్లతో చూపే మీటరుకు, అందులోనూ ప్రోబు వైర్లే 0.2 ఓమ్‌లు కలిపే మీటరుకు ఇది అందదు.

కాయిల్ నుంచి ఐదు మీటర్లకు కొద్దిగా ఎక్కువగానే ముక్క కోసి, దాని మీద సరిగ్గా ఐదు మీటర్ల దూరంలో రెండు చోట్ల పైపొర గీకండి. (కోసిన కాయిల్‌ను దుకాణదారు వెనక్కి తీసుకోడు కనుక, అదే రకం పాత ముక్క ఇంట్లో ఉంటే దానినే వాడండి.) కారు బ్యాటరీ, 12 వోల్టుల 21 వాట్ల బల్బు, కాయిల్, ఈ ముక్క అన్నీ వరుసగా కలిపితే అన్నింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. బల్బు వెలిగిన ఒక నిమిషానికి ముక్క మీద గీకిన రెండు చోట్ల మధ్యన, ఆ వెంటనే కాయిల్ రెండు కొసల మధ్యన వోల్టేజీ చూడండి. ముక్క మీద 128 మిల్లీవోల్టులు, కాయిల్ మీద 2.15 వోల్టులు వస్తే, మీటరుకు 25.6 మిల్లీవోల్టుల చొప్పున కాయిల్ పొడవు 84 మీటర్లు. కరెంటు ఎంతో తెలియనవసరమే లేదు.

అయితే తీగ చెప్పినదానికంటే సన్నదైతే ఈ లెక్క పట్టుకోదు, ఎందుకంటే ముక్క కూడా అంతే సన్నగా ఉంటుంది. దానికి మాత్రం 10 ఆంపియర్ల సాకెట్టులో మీటరును వరుసలో పెట్టి కరెంటు కొలవాలి. 1.5 ఆంపియర్లు పారుతుంటే ఒక చదరపు మిల్లీమీటరు తీగ మీటరుకు దాదాపు 26 మిల్లీవోల్టులు చూపాలి. 32 చూపితే అది 0.8 చదరపు మిల్లీమీటర్ల తీగే. కొలిచాక ఎర్ర ప్రోబును వోల్టుల సాకెట్టులోకి మార్చడం మరిచి బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్టు అవుతుంది.

ప్రశ్న: స్విచ్ ఆపినా బల్బు వైరులో మీటరు 70 వోల్టులు చూపుతోంది. ఎల్ఈడీ బల్బు కూడా మసకగా వెలుగుతోంది. వైరింగు చెడిందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: బహుశా చెడలేదు. ఒకే పైపులో పక్కన నడిచే ఫేజు తీగ నుంచి పైన చెప్పిన కెపాసిటెన్స్ ద్వారానే కాస్త కరెంటు జారుతుంది. మీటరు దాదాపుగా ఏమీ లాగదు కనుక అంత వోల్టేజీ చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత ఆ వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య పాత ఫిలమెంటు జీరో బల్బు తగిలించి మళ్లీ చూడండి. రీడింగు దాదాపు సున్నాకు పడిపోతే అది ఉత్త నీడ. పడకపోతే స్విచ్ న్యూట్రల్ తీగ మీద ఉందేమో పరిశీలించాలి. తేలేవరకు ఆ వైరును కరెంటు ఉన్నట్టే చూడండి.

ప్రశ్న: మా బడి మీటరు 20 మెగాఓమ్‌ల (మెగాఓమ్ అంటే పది లక్షల ఓమ్‌లు) వరకే చూపుతుంది. అంతకు మించిన నిరోధం పిల్లలకు చూపించే మార్గముందా?
– ఒక సైన్సు ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: వోల్టుల రేంజిలో మీటరుకు తనదైన నిరోధం ఉంటుంది. చాలా మీటర్లకది 10 మెగాఓమ్‌లు, చవక పసుపు మీటర్లకు ఎక్కువగా 1 మెగాఓమ్. మీది ఏదో తేల్చడానికి 9 వోల్టుల బ్యాటరీని నేరుగా ఒకసారి, 1 మెగాఓమ్ రెసిస్టరు ద్వారా మరోసారి కొలవండి. 9.2 వోల్టులు సుమారు 8.4కి తగ్గితే మొదటి రకం, సగానికి పడితే రెండో రకం. ఇప్పుడు రెసిస్టరు స్థానంలో ఎండిన కట్టెపుల్ల పెట్టండి. మొదటి రకం మీటరులో 0.23 వోల్టులు వస్తే, 9.2ను 0.23తో భాగించి, వచ్చిన 40లోంచి ఒకటి తీసి 10తో గుణించండి: 390 మెగాఓమ్‌లు. అదే పుల్లను తడిపితే ఏమవుతుందో పిల్లలనే చూడనివ్వండి. చేతి వేళ్లు మాత్రం రెండు ప్రోబుల లోహాన్నీ తాకకూడదు; తాకితే పుల్లకు బదులు పిల్లవాడి నిరోధం కొలిచినట్టవుతుంది.