దగ్గరికి రమ్మని పిలవడం కొన్నాళ్లు మానేయండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఫ్లాట్‌లో నేను, మా వారు, ఏడేళ్ల పాప, అత్తయ్య ఉంటాం. వీధికుక్కలను కాపాడే ఒక వాలంటీర్ దగ్గర నుంచి నెల క్రితం ఒక ఆడకుక్కను ఫోస్టర్‌గా తెచ్చుకున్నాను. దత్తత తీసుకునేవాళ్లు దొరికేదాకా ఉంచుకోవాలి. దానికి రెండేళ్లుంటాయి, బండి గుద్ది కాలు విరిగితే ఆపరేషన్ చేయించారట. చుక్క అని పేరు పెట్టాం. వచ్చిన రోజు నుంచీ మంచం కింద నుంచి కదలడం లేదు. అందరం పడుకున్నాకే తింటుంది. చేయి చాపితే వణుకుతుంది, ఒకసారి భయంతో పాస్ పోసేసింది. నిన్న సాయంత్రం పాప మంచం కిందకి దూరి కౌగిలించుకోబోతే గుర్రుమంది, ఆ తర్వాత చేతి మీద పన్ను గీరుకుంది. రక్తం రాలేదు. అత్తయ్యకు చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేశారట, "అది ఉంటే నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతా" అంటున్నారు. మా వారేమో ఎక్కడి నుంచి తెచ్చావో అక్కడే వదిలెయ్యమంటున్నారు. ఇంత ప్రేమగా చూసుకుంటున్నా అది నన్ను నమ్మట్లేదే అని నాకు ఏడుపొస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు పాప సంగతి చూడండమ్మా. రక్తం రాలేదని ఊరుకోవద్దు. పన్ను గీరుకున్న చోట సబ్బు పెట్టి, కుళాయి నీళ్లు ధారగా పోస్తూ పదిహేను నిమిషాలు కడగండి, ఇవాళే డాక్టరుకు చూపించండి. చర్మం మీద చిన్న గీత పడినా రేబిస్ టీకా వేయడమే పద్ధతి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. చుక్కకు టీకాలు వేయించిన కాగితాలు వాలంటీర్ దగ్గర ఉంటే వెంట తీసుకెళ్లండి, అయినా నిర్ణయం డాక్టరుదే. కుక్కను పది రోజులు గమనించమంటారు, కానీ ఆ పది రోజులయ్యాక చూద్దాంలే అని పాపకు టీకా ఆపకూడదు. రేబిస్ లక్షణాలు కనిపించాక కాపాడటం దాదాపు అసాధ్యం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు చుక్క విషయం. అది మిమ్మల్ని నమ్మట్లేదని మీరు బాధపడుతున్నారు, నిజానికి అది ఇంకా మీ వరకు రాలేదు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి మూడు, మూడున్నర నెలల దాకా ఒక వయసు ఉంటుంది, ఆ రోజుల్లో ఏవి చూస్తే, ఏవి వింటే అవి మామూలే అనుకుంటుంది. చుక్క ఆ వయసంతా వీధిలో గడిపింది. ఆటోలు, తోపుడు బండ్లు దానికి కొత్త కాదు. కానీ నాలుగు గోడలు, నున్నటి టైల్స్, మిక్సీ, కుక్కర్ విజిల్, లిఫ్టు తలుపు, ఇవన్నీ కొత్తే. పైగా వీధిలో భయమేస్తే పరుగెత్తేది, ఇక్కడ పరుగెత్తడానికి దారి లేదు. కాలు విరిగి పట్టుబడింది, బోనులో పెట్టారు, సూదులు పొడిచారు, ఆపరేషన్ చేశారు. అన్నీ దాని మంచికే, కానీ ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేరు కదా. మనిషి చేయి దగ్గరికొస్తే నొప్పి అని నేర్చుకుంది. మీ చేయి కూడా దానికి అదే చేయి.

కాబట్టి ఆ మంచం కింద చోటును దానికి పూర్తిగా వదిలేయండి. ఎవరూ వంగి చూడొద్దు, చేయి పెట్టొద్దు, చీపురుతో కూడా పోవద్దు. అక్కడ దాన్ని ఎవరూ ముట్టుకోరన్న ధైర్యం కుదిరితేనే అది బయటికొచ్చే ఆలోచన చేస్తుంది. రోజూ ఒకే వేళకి, ఒకే చోట గిన్నె పెట్టి వెనక్కి తిరిగి వెళ్లిపోండి. తిందా లేదా అని తొంగి చూడొద్దు. మీరున్నప్పుడు కూడా తినడం మొదలుపెట్టాక, గదికి అవతలి చివర పక్కకు తిరిగి కింద కూర్చోండి, ఫోన్ చూసుకోండి, పుస్తకం చదువుకోండి, దాని కళ్లలోకి మాత్రం సూటిగా చూడొద్దు, కుక్కకు అది బెదిరింపు.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఉడికించిన చికెన్ ముక్క చేతిలో పట్టుకుని రా రా అని పిలుస్తారు. ఆకలి ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది, చివరికి ఆకలి గెలిచి దగ్గరికి వస్తుంది, ముక్క అయిపోయాక చూసుకుంటే మనిషికి అడుగు దూరంలో ఉంటుంది. అప్పుడు హడలిపోయి కరిచేవి ఉంటాయి. అందుకని ముక్కను దానికి అవతల పక్కకు, మీకు దూరంగా పడేలా వేయండి. తినడం కోసం మీ దగ్గరికి రావలసిన అవసరమే ఉండకూడదు. దూరంగా వెళ్లి తిని, మళ్లీ మీ వైపు తిరిగి చూస్తుంది చూడండి, అదీ అసలైన రావడం. అది దాని ఇష్టంతో వేసే అడుగు, దాన్ని మీరు కొనలేదు. (ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ పెట్టకండి. కారం లేని పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని చికెన్ చాలు.)

ఏదో ఒక రోజు అదే వచ్చి మిమ్మల్ని వాసన చూస్తుంది. ఆ రోజు మీకు ఎంత ముద్దొచ్చినా కదలకండి. ఇలా చాలాసార్లు వచ్చి వెళ్లాక, గెడ్డం కిందో ఛాతీ మీదో రెండు మూడు క్షణాలు నిమిరి చేయి తీసేయండి. తల మీద నుంచి చేయి వేయొద్దు. ఇంకా కావాలంటే అదే ఆనుకుంటుంది, వద్దంటే పక్కకు జరుగుతుంది, జరిగితే వదిలేయండి. వద్దు అంటే మీరు ఆగుతారని దానికి తెలియాలి. మీరు దానికి ఇవ్వగలిగినవాటిలో తిండి తర్వాత అంతటిది ఇదేనని నా నమ్మకం.

అన్నట్టు, అది గుర్రుమన్నందుకు తిట్టకండి, కొట్టకండి. గుర్రుమనడం అంటే ఆగమని చెప్పడం. అంతకుముందే పెదాలు నాకి ఉంటుంది, నిద్ర రాకపోయినా ఆవులించి ఉంటుంది, తల తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసి ఉంటుంది. అవేవీ మనకు అర్థం కాకపోతేనే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకూ దెబ్బ పడిందంటే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. నిన్న చుక్క ముందు హెచ్చరించింది, అందుకని దాన్ని చెడ్డ కుక్క అనను. అలాగని పాపదీ తప్పు కాదు, ఏడేళ్ల పిల్లకు కౌగిలింతే ప్రేమ. పాపకు ఒక్క నియమం పెట్టండి: చుక్క మంచం కింద ఉందంటే ఇంట్లో లేనట్టే లెక్క. పెద్దవాళ్లు లేకుండా ఇద్దరినీ ఒక గదిలో ఉంచొద్దు, ఒక్క నిమిషం కూడా. ఏదో ఒకటి చేయాలని పాప ఆరాటపడితే గుమ్మం బయట మీ పక్కన కూర్చుని తెలుగు వాచకం పైకి చదవమనండి, ఆ గొంతు చుక్కకు అలవాటవుతుంది, పాపకు చదువూ అవుతుంది.

ఒకసారి పశువుల డాక్టరుకు చూపించండి. ఆ కాలు ఇంకా నొప్పి పెడుతూ ఉండొచ్చు, నొప్పి ఉన్న కుక్క ముట్టుకోనివ్వదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఉన్నా ఇలాగే ముడుచుకుని పడుకుంటుంది. మీ ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం సొంతంగా వేయకండి, కుక్కలకు అవి ప్రమాదం. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడ పట్టీ ఒక్కటే నమ్ముకోవద్దు, భయపడ్డ కుక్క క్షణంలో తల లాగేసుకుంటుంది. ఒంటికి సరిపోయే హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేయండి, మెడ పట్టీకి ఇంకో తాడు కట్టండి. వినాయక చవితి డప్పులప్పుడు, దీపావళి టపాసులప్పుడు చీకటి పడకముందే తిప్పి తెచ్చేసి తలుపులు వేసుకోండి.

ఇక అత్తయ్యగారు. చుక్కను తెచ్చేముందు ఆవిడను అడిగానని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ కాలంలో రేబిస్‌కు వేసిన టీకా జంతువుల మెదడు కణజాలంతో చేసింది, పొట్ట మీద రోజుకొకటి చొప్పున వేసేవారు, మన దేశంలో 2004 చివరి దాకా అది వాడుకలో ఉంది. ఆ ఇంజెక్షన్లు పడ్డ పిల్ల ఇప్పుడు పెద్దావిడై, నిన్న మనవరాలి చేతి మీద పంటి గీత చూసింది. ఆవిడది మొండితనం అనుకోకండి. చుక్క భయాన్ని ఎంత ఓపికగా అర్థం చేసుకుంటున్నారో ఆవిడ భయానికీ అంత ఓపిక చూపించండి. "అడగకుండా తెచ్చాను అత్తయ్యా, నాదే పొరపాటు" అని నేరుగా చెప్పండి, ఆ వెంటనే "కానీ..." అని మొదలుపెట్టకండి. ఆవిడ గది, పూజగది, వంటిల్లు చుక్క రాని చోట్లని తేల్చి, మధ్యలో అడ్డుగా చిన్న గేటు పెట్టించండి. దాని పని ఏదీ ఆవిడ మీద పడనివ్వకండి. చుక్కను ముద్దు చేయమని, పాపం చూడమని మాత్రం ఎప్పుడూ అడగొద్దు.

మీవారితో మాట్లాడేటప్పుడు ఒకటి స్పష్టంగా చెప్పండి, వీధిలో వదిలేయడం మన ముందున్న దారుల్లో లేదు. నెలరోజులు వీధికి దూరమై, కాలు సరిగా లేని కుక్కను అక్కడ మిగతా కుక్కలు రానివ్వకపోవచ్చు. పెంచుకుంటున్న జంతువు ఆకలి దప్పులకు గురయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. అయితే ఆయన భయం పాప గురించి, దాన్ని కొట్టిపారేయకండి. గేటు, నియమాలు, డాక్టరు, ఇవన్నీ పెట్టి ఆరు వారాలు చూద్దామని ఇద్దరూ ఒక తేదీ అనుకోండి. ఈలోగా వాలంటీర్‌కు నిన్న జరిగిందంతా దాచకుండా చెప్పి, పిల్లలు లేని ఇంకో ఫోస్టర్ ఇల్లు వెతకమనండి. ఆ తేదీకి ఇంట్లో మనశ్శాంతి లేకపోతే, పాపకు ప్రమాదం అనిపిస్తే, చుక్కను అక్కడికి పంపించండి. అది ఓడిపోవడమూ కాదు, ద్రోహమూ కాదు. పిల్లల్లేని, సందడి తక్కువ ఉన్న ఇల్లు చుక్కకే ఎక్కువ సుఖం కావచ్చు.

దత్తతకు ఎవరైనా వస్తే మొదటి రోజే తీసుకెళ్లనివ్వకండి. రెండు మూడు సార్లు వచ్చి ఊరికే కూర్చుని వెళ్లమనండి. గుర్రుమన్న విషయం, పన్ను గీరుకున్న విషయం వాళ్లకు ముందే చెప్పండి, విన్నాక వద్దనుకునేవాళ్లు వెళ్లిపోవడమే చుక్కకు మేలు. తీసుకెళ్లేవాళ్లకు అది పడుకునే దుప్పటి ఉతకకుండా ఇచ్చి పంపండి, ఎన్ని గంటలకు తింటుందో, దేనికి బెదురుతుందో ఒక కాగితం మీద రాసివ్వండి.