అటెస్టేషన్ ఫారంలో పాత కేసు రాయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ పరీక్షలో సెలెక్ట్ అయ్యాడు, సీఆర్‌పీఎఫ్ వచ్చింది. నాలుగేళ్ల కిందట పొలం గట్టు తగాదాలో మాతోపాటు వాడి పేరూ ఎఫ్‌ఐఆర్‌లో పెట్టారు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. ఇప్పుడు అటెస్టేషన్ ఫారం (ఉద్యోగంలో చేరే ముందు సొంత వివరాలు, పాత కేసులు రాసిచ్చే ఫారం) నింపాలి. ‘కొట్టేసిన కేసేగా, లేదని రాసేయండి’ అంటున్నారు తెలిసినవాళ్లు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: ఉన్నది ఉన్నట్టు రాయించండి. కేసు నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, రాజీ తేదీ అన్నీ. మీకు సలహా ఇచ్చినవాళ్లు మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ ఆ ఫారం చదివి ఉండరు.

తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్న విషయం దాచినా అనర్హులవుతారని ఆ ఫారం మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది. లోపల ఒక్కొక్కటే అడుగుతారు: ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీపై ప్రాసిక్యూషన్ జరిగిందా (అంటే కోర్టులో కేసు నడిచిందా)? బైండోవర్ చేశారా (అంటే గొడవలకు పోనని పూచీ రాయించుకున్నారా)? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? పెండింగ్ కేసు గురించిన ప్రశ్న వీటికి అదనం. రాజీతో మీవాడు చట్టం దృష్టిలో నిర్దోషే. అయినా కోర్టులో కేసు నడిచిన మాట నిజం, అక్కడ ‘లేదు’ అంటే అబద్ధమే అవుతుంది. (డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికి కోర్టులో ఫైన్ కట్టిన పిల్లలు కూడా జరిమానా ప్రశ్న దగ్గర ఇలాగే పొరబడుతుంటారు.)

ప్రతి గడికీ విడిగా జవాబు ఆలోచించండి. అప్పట్లో చిన్న కేసుల్లో చాలాసార్లు అరెస్టు చేయకుండా, పిలిచినప్పుడు రమ్మని 41ఏ నోటీసు ఇచ్చి పంపేసేవారు. మీవాడి విషయంలో అదే జరిగి ఉంటే అరెస్టు దగ్గర ‘లేదు’ అనే రాయాలి. చార్జిషీటు వేసి కేసు కోర్టుకెళ్లి ఉంటే ప్రాసిక్యూషన్ దగ్గర ‘అవును’.

తర్వాత ఆ వివరాలు పోలీస్ వెరిఫికేషన్‌కి వెళతాయి. స్టేషన్ రికార్డు చూస్తారు, ఊళ్లో వాకబు చేస్తారు. అవతలి పార్టీ మీ ఊళ్లోనే ఉంది కదా, ఎన్నాళ్లు దాగుతుంది?

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఉద్యోగానికి ఎంపికైనవాళ్లు పాత కేసు దాస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసైతే, దాచినా అధికారి తన విచక్షణతో వదిలేయొచ్చు. దాన్ని నమ్ముకుని దాచకండి, అది పూర్తిగా అధికారి చేతిలో ఉన్న విషయం. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, మీకు చెప్పి తీరాలి: ముగిసిన కేసును నిజాయతీగా రాసినా సరే, ఉద్యోగం ఇచ్చి తీరాలని పట్టుబట్టలేం. కాబట్టి నేను పూర్తి భరోసా ఇవ్వలేను. కానీ రాస్తే అధికారి తూకం వేసేది గట్టు తగాదానే, దానికి మీ దగ్గర కాగితాలున్నాయి. దాచి దొరికితే మాత్రం, తుపాకీ చేతికిచ్చే ఉద్యోగంలో ఈ కుర్రాడి మాట నమ్మొచ్చా అని చూస్తారు. దానికి ఏ కాగితం చూపిస్తారు? ట్రైనింగ్ మధ్యలో, ఉద్యోగంలో చేరాక కూడా ఇలా తీసేస్తే కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. ఆ టెన్షన్ మీ ఇంటికి వద్దు.

ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు) సర్టిఫైడ్ కాపీలకు వెంటనే అప్లై చేయండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో అబ్బాయి పేరు కొట్టి చూడండి, మీకు తెలియని కేసు ఇంకేదైనా ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. గొడవ నాటికి వాడికి 18 నిండకపోతే ముందు లాయరును కలవండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం (మైనర్ల కేసుల చట్టం) 24వ సెక్షన్, ఆ కేసు వల్ల అనర్హత రాకుండా వాడికి రక్షణ ఇవ్వొచ్చు.

ఫారం నెట్ సెంటర్ వాళ్లకు అప్పగించకండి, అబ్బాయి చేతే నింపించండి. సంతకం పెట్టాక ఒక జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకోమనండి. రేపు ఏ అధికారి అడిగినా అందులో రాసినట్టే చెప్పాలి.