ఆవకాయకీ ఆ కత్తికీ పడదు

మీరు చెన్నై వచ్చి మూడు నెలలు కాలేదు. షోళింగనల్లూరు గదికి అడ్వాన్సు కట్టిన దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. ఈలోగా పన్నెండు వేలు పెట్టి పౌడర్ స్టీలు (పొడిని అదిమి చేసిన ఉక్కు) కత్తి కొనమంటారా అని అడుగుతున్నారు. తమ్ముడూ, ఈ ఉబలాటం నాకు తెలియనిది కాదు. 2009లో నేనూ వెలగబెట్టాను.

అప్పట్లో సైదాపేటలో మా అద్దె నాలుగు వేలు. జపాన్ వెళ్లిన సహోద్యోగి చేత ఆరు వేలకు వీజీ-10 అనే జపాన్ ఉక్కు కత్తి తెప్పించుకున్నాను. అంటే నెలన్నర అద్దె! ఆ ఉక్కులో కార్బన్ సుమారు 1 శాతం, క్రోమియం 15, కాస్త కోబాల్టు. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దాకా. టమాటా మీద ఆనిస్తే చాలు, దిగిపోయేది. వేసవిలో ఊరి నుంచి మామిడికాయలు వచ్చాయి. ఆ కత్తితోనే టెంకతో సహా కొట్టాను. అంచు మూడు చోట్ల పెచ్చులూడింది. గట్టి ఉక్కుకు పెళుసుతనం ఎక్కువనీ, పలుచటి అంచు ఆ దెబ్బకు ఆగదనీ ఇంజనీరింగ్ చదివిన నాకు తట్టలేదు. అదే జర్మన్ వంటకత్తులు చూడండి: కార్బన్ అర శాతమే, గట్టిదనం 56 దగ్గర. అంచు వంగుతుంది గానీ అంత తేలిగ్గా ఊడదు.

అక్కడితో ఆగానా? వీధిలో ‘సాణై’ అని తమిళంలో కేక వినబడింది. మన సానే కదా అని మురిసిపోయి కత్తి అందించాను. పొడి చక్రం మీద రవ్వలు లేచాయి, అంచు నీలంగా మారింది. తయారీలో కాల్చి, చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో కాచి తెచ్చిన గట్టిదనం ఆ రెండు నిమిషాల్లో పోయింది. ఆయన తప్పేమీ లేదు, కత్తిపీటలు సాన పట్టే మనిషి. పదిహేను రూపాయలే తీసుకున్నాడు.

ఇక స్టెయిన్‌లెస్ అన్న ధీమాతో చింతపండు పులుసు అంటిన కత్తిని రాత్రంతా సింకులో వదిలేశాను. పొద్దునకు తుప్పు చుక్కలు. ఉక్కును తుప్పు నుంచి కాపాడేది దాని పైన క్రోమియం వల్ల ఏర్పడే పలుచటి పొర. పులుసులోని ఉప్పు దాన్ని తూట్లు పొడుస్తుంది. పైగా కత్తి ఉక్కులో కార్బన్ కొంత క్రోమియాన్ని తనతో కట్టేసుకుంటుంది. మన గ్లాసుల ఉక్కుకు ఈ బెడద తక్కువే. కానీ దాన్ని కాల్చి గట్టిపరచడం కుదరదు, అందుకే దానితో మంచి కత్తులు చేయరు.

మీరడిగిన పౌడర్ స్టీలు గొప్పదే, కాదనను. కరిగిన ఉక్కును పొడిగా చిమ్మి, వేడిలో అదిమి దిమ్మ చేస్తారు. అందువల్ల లోపలి కార్బైడ్లు (కార్బన్ లోహాలతో కలిసి కట్టే గట్టి రేణువులు) సన్నగా, సమంగా పరుచుకుంటాయి. 2001లో వచ్చిన ఎస్30వీ అనే పౌడర్ స్టీలులో వనాడియం అనే లోహం 4 శాతం. 2021 నాటి మాగ్నాకట్ అనే మరో రకంలో క్రోమియం 11 శాతం లోపే, అయినా తుప్పుకు బాగా తట్టుకుంటుంది. ఎందుకంటే ఆ క్రోమియం కార్బైడ్లలో చిక్కుకోదు. అయితే వనాడియం కార్బైడ్లు మామూలు సానరాతి కన్నా గట్టివి, వజ్రపు పొడి రాయి కావాలి. ఆ ఖర్చు మీ పన్నెండు వేలలో వేశారా?

విదేశం నుంచి తెప్పిస్తే సుంకం ఎంతో కస్టమ్స్ వారి సైటులో చూసుకోండి. నా మటుకు ప్యారీస్ కార్నర్‌లో కొన్న నాలుగు వందల కత్తితో పదకొండేళ్లుగా కూరలు తరుగుతున్నాను. ఆవకాయకు అమ్మ ఇచ్చిన కత్తిపీట ఉంది. ఆ ఆరు వేల కత్తితో మా ఆవిడ కొరియర్ పెట్టెలు కోస్తుంది.