నాలుగు నెలలు మానేసి, ఒక్క రోజు తాగారు.. చేసిందంతా వృథాయేనా?

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు. పదిహేనేళ్లుగా తాగుడు అలవాటు. నాలుగు నెలల కిందట డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించి చికిత్స చేయించాం. అప్పటి నుంచి మందు ముట్టలేదు గానీ, నిద్ర పట్టదంటారు, చిన్నదానికే విసుక్కుంటారు, ఎవరితోనూ కలవరు. పోయిన వారం పాత స్నేహితుడితో కూర్చుని తాగి వచ్చారు. ఆ ఒక్క రోజే. ఇంతా చేసింది బూడిదలో పోసిన పన్నీరేనా? రోజూ ఆయన జేబులు వెతుకుతున్నాను. తెలియకుండా భోజనంలో కలిపి పెట్టే మాత్రలు ఉన్నాయని బంధువులు అంటున్నారు. వాడొచ్చా?
– ఒక సోదరి

జవాబు: ముందు ఆ మాత్రల సంగతి చెబుతాను, ఎందుకంటే అది ప్రాణం మీదికి తెచ్చే పని. మీవాళ్లు చెబుతున్నది బహుశా డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. మద్యం ఒంట్లో అరిగేటప్పుడు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. మామూలుగా అది వెంటనే విరిగిపోతుంది. ఈ మందు దాన్ని విరగనివ్వదు. దాంతో ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపేసిన రెండు వారాల వరకూ ఈ ప్రమాదం ఉంటుంది. తెలిసి, ఒప్పుకుని, పరీక్షలు చేయించుకుని వాడేవాళ్లకు ఇది పనికొచ్చే మందే. చాటుగా కలపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తాగాలనే కోరికను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, మానేసిన స్థితిని నిలబెట్టడానికి అకాంప్రోసేట్ లాంటి మందులు కూడా ఉన్నాయి. ఆయన లివర్, కిడ్నీల పరిస్థితి చూసి ఏది సరిపోతుందో డాక్టర్ నిర్ణయిస్తారు.

ఇక మీ అసలు బాధ. వృథా కాలేదమ్మా. నాలుగు నెలలంటే దాదాపు 120 సాయంత్రాలు ఆయన తాగకుండా గడిపారు. ఒక్క సాయంత్రం జారినంత మాత్రాన అవి ఎక్కడికీ పోవు. బీపీ, ఆస్తమా లాగే ఇదీ మళ్లీ మళ్లీ తిరగబెట్టే స్వభావం ఉన్న జబ్బు. ఇలాంటప్పుడు నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ రోజు తాగింది కాదు, మర్నాడు పొద్దున వచ్చే ఆలోచన: ‘ఎలాగూ చెడిపోయాను, ఇంకెందుకు?’ ఇంట్లోవాళ్లు కూడా అదే మాట అంటే ఆ ఆలోచన గట్టిపడుతుంది. దానికి బదులు నెమ్మదిగా అడగండి. ఆ రోజు ఏమైంది? అంతకు గంట ముందు ఎక్కడున్నారు? మనసెలా ఉంది? ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. తాగాలనిపించిన ప్రతిసారీ ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉందేమో చూసుకోమని మా పేషెంట్లకు చెబుతాం. ఆ కోరిక కూడా అలలా లేచి, చాలాసార్లు అరగంటలోపే తగ్గిపోతుంది. ఆ అరగంట దాటించడానికి ఒక ఫోన్ కాలో, బయట కాసేపు నడకో చాలు.

ఒక్క జాగ్రత్త. వరుసగా కొన్నాళ్లు తాగడం మొదలుపెడితే మాత్రం ఇంట్లోనే ఉన్నట్టుండి మాన్పించకండి. మానేసిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. చేతులు బాగా వణుకుతున్నా, చెమటలు పడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విసుగు, నిద్రలేమి ఆయన కావాలని చేస్తున్నవి కావు. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అయితే మానేసిన మొదట్లో ఉండే దిగులు చాలామందిలో మూడు, నాలుగు వారాల్లో తగ్గుతుంది. నాలుగు నెలలైనా మనుషులకు దూరంగానే ఉంటున్నారంటే డిప్రెషన్ ఉందేమో తప్పకుండా చూపించాలి. ఉంటే దానికి విడిగా చికిత్స కావాలి. సొంతంగా నిద్రమాత్రలు కొని వేయకండి, ఒకటి మానేసి ఇంకోదానికి అలవాటుపడతారు. చచ్చిపోవాలని ఉందన్న మాట నోట వస్తే బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంకో మాట, చాలా కుటుంబాలు దీన్ని పట్టించుకోవు. తాగుడుతో పాటు ఆయన స్నేహితులు, కబుర్లు, సాయంత్రాలు కూడా పోయాయి. ఆ సాయంత్రాలు ఇప్పుడు ఖాళీ. ఖాళీగా ఉన్న మనిషి పాత స్నేహితుడు పిలిస్తే వెళ్లడూ? తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకుని, ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం 1935లో పుట్టింది కూడా ఇలాగే. మానేసిన ఒకాయన పరాయి ఊళ్లో తాగాలనిపించి తట్టుకోలేక, తనలాంటి ఇంకో మనిషిని వెతికి మాట్లాడారు. ఆ రెండోవారు ఒక సర్జన్. అనుభవించినవాడితో మాట్లాడితే కలిగే ఊరట మా మందుల్లో లేదు. ఆయన్ను అలాంటి మీటింగ్‌కు ఒక్కసారి వెళ్లి చూడమనండి. మీలాంటి కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ ఉంది, మీరూ వెళ్లండి. నాలుగు నెలలుగా మీరు ఎన్ని రాత్రులు సరిగ్గా నిద్రపోయారో మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు.

జేబులు వెతకడం ఈ రోజుతో ఆపేయండి. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ వెతికే కొద్దీ ఆయన దాచడం నేర్చుకుంటారు, మీకు టెన్షన్ పెరుగుతుంది. నా గదిలో ఇలాంటి భార్యాభర్తలను చాలామందిని చూశాను. ‘నిద్ర ఎలా ఉందండీ?’ అని ఆయన్ని అడుగుతాను. ఆయన నోరు తెరిచేలోపు ఆవిడ జవాబు చెబుతారు. ఆయన తల దించుకుని వాచీ పట్టీని తిప్పుకుంటూ కూర్చుంటారు. ఈ వారంలోనే ఇద్దరూ కలిసి, చికిత్స ఇచ్చిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి. జరిగింది దాచకుండా చెప్పండి. ఆయన్ని అడిగినవాటికి మాత్రం, ఎంత ఆలస్యమైనా, ఆయన్నే జవాబు చెప్పనివ్వండి.