సమాధానం: కొత్త రూటర్ పెట్టాక ఇంటర్నెట్ రేడియోకి వైఫై అందట్లేదు

రేడియో పాడవలేదు. రూటర్ మార్చిన రోజు నుంచే అమ్మగారి రేడియో ఆగిపోయింది, ఫోన్లు మాత్రం బాగానే నడుస్తున్నాయి అన్నారు కదా, ఆ లెక్కన కారణం దాదాపుగా ఇదే: ఈ రేడియోల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే అందుతుంది. కొత్త రూటర్లేమో చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటినీ ఒకే పేరుతో ఇస్తాయి, దాంతో రేడియో తికమకపడి కలవకపోవచ్చు.

1. ఫోన్ బ్రౌజర్‌లో రూటర్ పేజీ తెరవండి. చిరునామా, లాగిన్ మామూలుగా రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి.

2. స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ (2.4, 5 రెండింటినీ ఒకే పేరు కింద కలిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపేసి, 2.4కి వేరే పేరు పెట్టండి.

3. అందరూ వదిలేసేది ఇదే. అక్కడే సెక్యూరిటీ అని ఉంటుంది. అది డబ్ల్యూపీఏ3 (వైఫైకి కొత్త రకం భద్రత) అయితే దాని ముందుదైన డబ్ల్యూపీఏ2కి మార్చండి. పాత రేడియోలకు డబ్ల్యూపీఏ3 తెలియదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కొన్ని "తప్పు" అనే చూపిస్తాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది, ఇది మార్చగానే పట్టుకుంది.

4. రేడియోలో పాత నెట్‌వర్క్ తీసేసి, కొత్త పేరు ఎంచుకోండి.

పేర్లు విడదీసే వీలు మీ రూటర్‌లో లేకపోతే, గెస్ట్ నెట్‌వర్క్‌ను (అతిథుల కోసం రూటర్ ఇచ్చే వేరే వైఫై) 2.4లో మాత్రమే ఆన్ చేసి రేడియోని దానికి కలపండి.

2.4లో వేగం తక్కువని దిగులు వద్దు. 128 కేబీపీఎస్ స్టేషన్‌కి గంటకు దాదాపు 58 ఎంబీ చాలు. పైగా గోడలు దాటి వెనక గది దాకా చేరేది 2.4యే.