ఎనిమిదో పేజీ గురించి

అమ్మాయీ,

క్రైస్తవ బోధకుడు పౌలు ప్రయాణాల మీద నువ్వు రాసిన కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఫిలిప్పీలో లూదియ ఇంటి ఘట్టం బాగుంది. కానీ ఎనిమిదో పేజీలో "ఎన్నో కష్టాలు పడి పౌలు రోమా చేరాడు" అని రాశావే, అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఆ కష్టాలేవమ్మా? క్రేతు దీవిలో మంచిరేవులు అనే రేవుకు చేరేసరికే యూదుల ఉపవాస దినం దాటిపోయింది, సముద్రం మీద ఓడలు ఆగిపోయే కాలం దగ్గరపడింది. ముందుకు వెళితే నష్టమని ఖైదీ పౌలు హెచ్చరించాడు. ఖైదీలను తీసుకెళ్తున్న రోమా సైనికాధికారి, శతాధిపతి యూలి మాత్రం నావికుడినీ ఓడ యజమానినీ నమ్మాడు. అది అలెగ్జాండ్రియా నుంచి ఇటలీకి గోధుమలు తీసుకెళ్లే ఓడ. ఊరకులోను అనే పెనుగాలి పట్టుకున్నాక ఓడ విడిపోకుండా చుట్టూ తాళ్లు బిగించారు, సరుకు సముద్రంలో పారేశారు. ఎన్నో రోజులు సూర్యుడూ లేడు, నక్షత్రాలూ లేవు. పద్నాలుగో రాత్రి లోతు కొలిస్తే ఇరవై బారలు, కాస్త ముందుకు వెళ్లాక పదిహేను. వెనుక నుంచి నాలుగు లంగర్లు దించి, ఎప్పుడు తెల్లవారుతుందా అని చూశారు. ఓడలో 276 మంది! బైబిల్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమంతా ఇదే. చెబుతున్నవాడు ఆ ఓడలోనే ఉన్నట్టు "మేము" అంటాడు.

ఎంత దూరం నడిచాడో, ఎక్కడ తడిశాడో తెలియకుండా ఏ బోధకుడి గురించీ రాయకూడదు. నా తొలి కథ కోసం మా రేవులో ముసలి సరంగు దగ్గర వారం రోజులు కూర్చుని, సీసపు గుండు కట్టిన తాడుతో లోతు ఎలా చూస్తారో నేర్చుకున్నాను. ఆ భాగాన్నే ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేశాడు. పాఠకులకు అద్భుతాలు చాలన్నాడు. ముప్పై ఏళ్లయినా ఆ ఎర్ర సిరా నా కళ్లముందే ఉంది. ఇప్పుడు నువ్వు, ఎవరూ అడగకుండానే, నీ చేత్తో నువ్వే కొట్టేసుకున్నావు.

ఇంకొకటి. పౌలు, బర్నబాలతో బయలుదేరి పెర్గే పట్టణం నుంచి వెనుదిరిగిన మార్కును పిరికివాడన్నావు. కారణం గ్రంథంలో లేదు, నువ్వూ కల్పించకు. అతని విషయంలోనే పౌలు, బర్నబా విడిపోయారు. అయినా శిష్యుడు తిమోతికి రాసిన రెండో లేఖలో మార్కును వెంటబెట్టుకుని రమ్మని ఉంది. త్రోయ పట్టణంలో కర్పు అనే అతని దగ్గర వదిలిన అంగీ తెమ్మనీ, చలికాలం రాకముందే రమ్మనీ ఆ లేఖలోనే ఉంది. ఆ అంగీ నీ కథలో ఎక్కడా లేదు.

ఎనిమిదో పేజీ మళ్లీ రాసి పంపు. మంచిరేవుల దగ్గర మొదలుపెట్టు.


మీ మాష్టారు