పిల్లవాడు కదులుతున్నాడని కచేరీ మానకండి

(పాఠకుల ప్రశ్నలకు విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక మృదంగం మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది గుంటూరు, అరండల్‌పేట. మా బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరు. మొన్న ఇద్దరినీ ఒక గాత్ర కచేరీకి తీసుకెళ్లాను. అరగంటకే బాబు కాళ్లు ఊపడం, పాప మంచినీళ్లు అడగడం మొదలుపెట్టారు. ముందు వరుసలోని పెద్దాయన ఒకరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. సిగ్గేసి మధ్యలోనే లేచి వచ్చేశాం. ఫోనులో కావలసినంత సంగీతం ఉంది కదా, ఇంట్లో అదే వినిపిస్తే చాలదా అంటున్నారు మా వారు. మీరేమంటారు?
- ఒక తల్లి

జవాబు: చాలదమ్మా. అరగంట కూర్చున్నారంటే మీ పిల్లలు బాగా కూర్చున్నట్టే. ఆ పెద్దాయన చూపును మనసులో పెట్టుకోకండి.

నలభై ఏళ్లు పక్కవాద్యం వాయించాను. వేదిక మీద నుంచి చూస్తే ఎవరు వింటున్నారో, ఎవరు ఊరికే కూర్చున్నారో తెలిసిపోతుంది. కాళ్లు ఊపే పిల్లలు వినడం లేదని అనుకోకండి. ముక్తాయింపు, అంటే ముగింపు దరువు, మూడుసార్లు వాయిస్తాం కదా, మొదటిసారికి వాళ్లు ఎటో చూస్తుంటారు, రెండోసారికి కాలు ఆగుతుంది, మూడోది సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడేసరికి తల ఎత్తి నా వైపు చూస్తారు. ఆ చూపు కోసమే వాయించిన రోజులు ఉన్నాయి నాకు.

ఒకసారి త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో, కచేరీకి ముందు, వేదిక మెట్ల పక్కన కూర్చుని బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసుకుంటున్నాను. మృదంగానికి ఎడమ మూతను తొప్పి అంటాం. దాని మధ్యలో ఆ ముద్ద అంటిస్తేనే గంభీరమైన నాదం వస్తుంది. కచేరీ అయ్యాక గీకి తీసేస్తాం, మళ్లీ కచేరీకి మళ్లీ కొత్త ముద్ద. ఆరేళ్ల పిల్లవాడు ఒకడు వచ్చి నిలబడ్డాడు. "తాతగారూ, అది ఉప్మాకా?" అన్నాడు. దగ్గరికి పిలిచి, ముద్ద లేకుండా తొప్పి మీద వాడి చేత్తోనే కొట్టించాను. అట్ట మీద కొట్టినట్టు పొడిగా మోగింది. ముద్ద అంటించి, తడి వేలితో అంచులు నొక్కి, మళ్లీ కొట్టమన్నాను. బుమ్మని ఆ నాదం మోకాళ్ల దాకా వచ్చింది. చేయి తీయకుండా అలాగే ఉండిపోయాడు. చర్మం ఇంకా అదురుతోంది, అరచేతికి తెలుస్తోంది. తరువాత నేను కుడి మూత అంచు మీద రాయితో తట్టి శ్రుతి కలుపుకుంటుంటే, ప్రతి దెబ్బకూ వాడు తంబూరా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. రెండూ ఎప్పుడు కలిశాయో వాడే ముందు చెప్పాడు: "ఇప్పుడు!"

మీ వారికి చెప్పండి, ఆ తొప్పి నాదం ఫోనులో ఉండదు. అంత చిన్న స్పీకరు అంత కింది ధ్వనిని పలికించలేదు. శ్రుతి చేసుకోవడం కూడా ఉండదు, రికార్డుల్లో దాన్ని కత్తిరించేస్తారు. గాయకుడు రాగంలో ఒక కొత్త సంగతి, అంటే కొత్త మలుపు, వేస్తే, వయొలిన్ ఆయన ముందుగా అనుకోకుండానే దాన్ని అందుకుని వాయించి చూపిస్తారు. అప్పుడు గాయకుడు తల తిప్పి "భళా" అంటారు. ఒకరి మాట ఇంకొకరు శ్రద్ధగా వినడం ఎలా ఉంటుందో పిల్లలు అక్కడ కళ్లతో చూస్తారు. ఫోనులో వినవద్దని నేను అనను. కచేరీలో విన్నదాన్ని ఇంట్లో మళ్లీ వింటే ఎంతో మంచిది.

ఈ విద్య మన ఊరికి వచ్చింది కూడా మనిషి ఎదుట మనిషి కూర్చునే. త్యాగయ్యగారి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1847లో సిద్ధి పొందిన త్యాగయ్యగారికీ, 2016 దాకా మన మధ్య ఉన్న బాలమురళిగారికీ నడుమ ముగ్గురే మనుషులు! ఆ బాలమురళిగారు ఎనిమిదో ఏట విజయవాడలోనే మొదటి కచేరీ చేశారు. మీ బాబు కన్నా ఏడాది చిన్న అప్పటికి. మీ బాబు విద్వాంసుడు కావాలని చెప్పడం లేదు, విద్వాంసులకు ఎదురుగా కూర్చునే అదృష్టం వాడికీ ఉండాలి.

ఇక తీసుకెళ్లే పద్ధతి. ముందు అన్నం పెట్టండి, ఆకలి మీద ఏ రాగమూ ఎక్కదు. కచేరీకి పావుగంట ముందే వెళ్లి శ్రుతులు చేసుకోవడం చూపించండి. వేదికకు ఎదురుగా నిలబడితే మీ ఎడమ చేతి వైపు మృదంగం, కుడి చేతి వైపు వయొలిన్ ఉంటాయి. ఎడమ పక్కన, నడవా అంచున కూర్చోండి. చేతుల పని దగ్గరగా కనబడుతుంది, లేచి వెళ్లాలన్నా ఎవరికీ అడ్డం ఉండదు. మొదట పాడే వర్ణం, ఆపైన ఒకటి రెండు కృతులు విని, పాట ముగిసి చప్పట్లు కొడుతున్నప్పుడు బయటికి వచ్చేయండి. తని ఆవర్తనం, అంటే పాట ఆపి తాళవాద్యమే వాయించే సమయానికి మళ్లీ లోపలికి తీసుకెళ్లగలిగితే మరీ మంచిది. నిద్రపోతే పోనివ్వండి. ఇంటికి వచ్చాక ఏ రాగం, ఏ తాళం అని పరీక్షలు పెట్టకండి.

మా పెద్దమ్మాయి చిన్నప్పుడు సభలో అటూ ఇటూ తిరుగుతోందని తొడ మీద గిల్లి కూర్చోబెట్టాను. రెండేళ్లు మళ్లీ సభ గడప తొక్కలేదు. ఆ తప్పు నాదే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: మా మనవరాలికి అయిదేళ్లు. పాట వినబడితే చాలు, చేత్తో దరువు వేస్తుంది. ఇప్పుడే సంగీతంలో చేర్పించవచ్చా?
- ఒక తాతగారు, పటమట

జవాబు: తొందర వద్దండీ. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే మొట్టమొదటి స్వర పాఠాలు, మొదలుపెడితే కొన్ని నెలలు అవే సాధన చేయాలి, దానికి కొంచెం ఓపిక రావాలి. ఏడో ఏడు వచ్చేదాకా వినిపించండి, మీరు కూడా పక్కన కూర్చుని వినండి. ఈలోగా ఆది తాళం నేర్పండి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆపైన దెబ్బ, తిప్పు (అరచేయి పైకి తిప్పడం), దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది.

ప్రశ్న: విజయవాడలో పిల్లలకు మొదటిసారి వినిపించడానికి ఏది మంచిది?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధన. తరచుగా జనవరిలో వస్తుంది. ఆ ఉదయం గాయకులంతా కలిసి కూర్చుని త్యాగయ్యగారి అయిదు కృతులు, పంచరత్నాలు, పాడతారు. వాటి రాగాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అయిదూ ఆది తాళంలోనే ఉంటాయి కాబట్టి, పైన తాతగారికి చెప్పిన ఆ ఎనిమిది లెక్క వస్తే పిల్లలు మొదటి నుంచి చివరిదాకా తాళం వేస్తూ కూర్చోగలరు. మధ్యలో వేళ్ల లెక్క తప్పితే, పక్కవారి చేయి చూసి మళ్లీ అందుకోమనండి.